మధుపరీక్ష: దెగ్లూరు సీమయందు పానీయముల రుచినిర్ణయము

1956వ సంవత్సరపు రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టమును చదువునపుడు దెగ్లూరు పేరు ఒక చిత్రమైన సందర్భమున కానవచ్చును. హైదరాబాదు రాజ్యమునందలి నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమునకు చేర్పబడినది. కాని ఆ జిల్లాలోని దెగ్లూరు తాలూకానుండి బిచ్కుంద, జుక్కల్ అను రెండు సర్కిళ్లును, ముధోల్ తాలూకానుండి ముధోల్, భైంసా, కుబేర్ అను మూడు సర్కిళ్లును మినహాయింపబడి ఆంధ్రప్రదేశమున కలిసినవి. దెగ్లూరు పట్టణము మాత్రము లెండి యేటి యొడ్డున ఆవలి రాష్ట్రముననే నిలిచిపోయినది. ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ, కచేరీలో ఉర్దూ వినబడుచుండిన తాలూకా ఒక్క పత్రముతో రెండు ముక్కలైనది.

ఈ విభజనవలన మన భాషకు కలిగిన నష్టమును గూర్చి పెద్దలు పలువురు వ్రాసిరి. నేను చెప్పదలచినది అంతగా ఎవరును పట్టించుకొనని వేరొక విభజన. ఒకే తాలూకాలో పానీయములను గూర్చి రెండు న్యాయములు ఏర్పడినవి. బొంబాయి రాష్ట్రమున 1949లో మద్యనిషేధ చట్టము వచ్చినది. అది 1959లో మరాఠ్వాడాకును విస్తరింపబడినది. ఇవతల జుక్కల్, బిచ్కుందలలో 1316వ ఫసలీనాటి, అనగా సుమారు 1906-07నాటి, హైదరాబాదు ఆబ్కారీ చట్టము సాగుచుండెను. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము దాని స్థానమున వచ్చినది. కాబట్టి ఒక ఈతచెట్టు కల్లు ఏటికి ఈవల ప్రభుత్వమునకు ఆదాయము, ఆవల నేరము. ఒకచోట ఆ లొట్టిని తూచి పన్ను వేసిరి, మరొకచోట పగులగొట్టిరి. ఆ కల్లు మంచిదా, చెడ్డదా యని ఏ అధికారియు నోటబెట్టి చూడవలసిన పని రెండుచోట్లను లేకపోయినది. ఈ వ్యాసమునకు మూలమైన ప్రశ్న ఇదియే. పానీయముయొక్క మంచిచెడ్డలను నిర్ణయించు విద్య మనకు ఉండెనా? ఉండిన ఎట్లు పోయినది?

ఈ ప్రశ్న నేడు మరల లేచుటకు కారణము కలదు. ఇటీవలి కాలమున తేనె ఏల్ అను పానీయము మన నగరములకు వచ్చినది. ఏల్ అనగా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీట నానబెట్టి, ఆ తీపి కషాయమును హాప్స్ అను చేదుపూలతో కాచి, చల్లార్చి, ఈస్టు చేర్చి పులియబెట్టు ఒక విధమైన బీరు. దానికి తేనె కలిపినచో తేనె ఏల్ అగును. తేనె పాలు బార్లీతో ఇంచుమించు సమానమైనచో ఆంగ్లేయులు దానిని బ్రాగట్ అందురు. బార్లీ లేక తేనెయు నీరును మాత్రమే పులిసినచో అది మీడ్. తెలంగాణ ప్రభుత్వము 2015లో నియమములు చేసి చిన్న బీరుశాలలకు అనుమతి ఇచ్చినది. 2018లో పుణేలో మూన్‌షైన్ అను తేనెమద్యశాల వెలసినది. పిదప నాసికులో మన దేశపు తేనెటీగ శాస్త్రనామమునుండి పేరు గైకొన్న సెరానా వచ్చినది. వీనిని గ్లాసులలో పోసి, వాసన చూచి, చప్పరించి, అంకెలు వేసి తీర్పు చెప్పు సభలు కూడ జరుగుచున్నవి. ఇది మనకు క్రొత్త వింతయని పలువురి భావము. పరిశీలించినచో క్రొత్తది గ్లాసు మాత్రమే.

మొదట తేనె ఏల్‌ను రుచి చూచువాడు పొరపడు చోటును చెప్పవలెను. తేనె అనగానే నాలుక తీపికై చూచును. కాని తేనెలోని చక్కెరలు మిక్కిలి సులభముగ పులియునవి. తేనెలో సుమారు 80 పాళ్లు చక్కెర, 17, 18 పాళ్లు నీరు. ఆ చక్కెరలో అధికభాగము ద్రాక్షచక్కెర, ఫలచక్కెర. ఈస్టు ఆ రెంటిని దాదాపు శేషము లేకుండ తినివేయును. కాబట్టి మంచి తేనె ఏల్ తియ్యగా ఉండదు. తేనె లేని ఏల్‌కంటె పొడిగా, తేలికగా ఉండును. తీపి వెడలిపోయిన తరువాత మిగులునది పూలవాసన, నాలుక చివర సన్నని వగరు, మ్రింగిన పిదప గొంతులో నిలుచు కమ్మదనము. తేనెను బార్లీ కషాయముతోపాటు మరగించినచో ఆ వాసన ఆవిరితో పోవును. అందుచేతనే నేర్పరులు పొయ్యి దించిన తరువాతనో, పులియుట మొదలైన పిదపనో దానిని కలుపుదురు. కానుగపూల తేనెయు, వేపపూల తేనెయు, నేరేడుపూల తేనెయు వేరువేరు ఏల్‌లను ఇచ్చును. తీపి ఎక్కువగ ఉన్నదని తేనె ఏల్‌ను మెచ్చుకొనువాడు తరచుగ పులియుట పూర్తికాని పానీయమునో, పిదప చక్కెర కలిపిన పానీయమునో మెచ్చుకొనుచున్నాడు. మధువునుండి మాధుర్యమును తీసివేసినపుడు ఏమి నిలుచునో దానిని కనుగొనుటయే పరీక్ష.

ఈ మాట కేవలము నేటి బీరుశాలలకు చెందినది కాదు. భాషలో దీనికి పూర్వచరిత్ర కలదు. సంస్కృతమున మధువు అను శబ్దమునకు తేనెయు అర్థమే, మద్యమును అర్థమే. గ్రీకుల మెథు, ప్రాచీన ఆంగ్లమున మెదు, లిథువేనియనుల మెదుస్, రష్యనుల మ్యోద్ ఇవన్నియు దాని తోబుట్టువులు. కొన్ని భాషలలో తేనెను, కొన్నింట తేనెమద్యమును తెలుపును. మన ద్రావిడభాషల సంగతి ఇంతకంటె రమ్యము. మన కల్లునకు సాటియైన తమిళపు కళ్ అను మాటకు మత్తుపానీయమను అర్థముతోపాటు తేనె యను అర్థమును నిఘంటువులలో కలదు. తమిళ సంగమకావ్యములలో తేఱల్ అను పదము కనబడును. కొండజాతులవారు తేనెను పొడవైన వెదురుగొట్టములలో పోసి పక్వము చేసిన తేట పానీయమది. ఈ తేఱల్ మన తేఱు అను ధాతువునకు దగ్గరి చుట్టము. నీరు తేరినదనియు, నెయ్యి తేరినదనియు మనము నేటికిని అనుచున్నాము. మడ్డి అడుగుపట్టి పైన తేట నిలుచుట యని దాని భావము. అనగా ఆ కొండవాడు తన పానీయమునకు పేరు పెట్టునపుడు దాని తీపిని చూడలేదు, మత్తును చూడలేదు; తేటదనమును చూచినాడు. ఈనాటి తీర్పరి గ్లాసును వెలుతురునకెత్తి చూచుట ఆ చూపే కదా!

సోమరసమే తేనె బీరని వ్రాయువారు కొందరు గలరు. నేనంగీకరింపను. సోమము ఒక మొక్కను దంచి పిండిన రసము. దానిని తేనెతోను, పాలతోను కలుపుట వేరు, తేనెను పులియబెట్టుట వేరు. అయినను ధాన్యము, పండు, తేనె కలిసి పులిసిన పానీయములు మానవజాతికి అతిప్రాచీనములనుట నిశ్చయము. టర్కీదేశమున గోర్డియన్ నగరపు సమాధిదిబ్బను 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు త్రవ్విరి. క్రీస్తుపూర్వము 8వ శతాబ్దినాటి ఆ విందుపాత్రలలో అంటుకొనియున్న మడ్డిని పరీక్షించి మెక్‌గవర్న్ అను శాస్త్రజ్ఞుడు అందు ద్రాక్ష, బార్లీ, తేనె మూడును కలిసియున్నట్లు 1999లో ప్రకటించెను. చీనాలోని జియాహూ కుండపెంకులు ఇంకను పూర్వములు, సుమారు 9,000 ఏండ్లనాటివి. వానిలో బియ్యము, తేనె, పండు కలిసిన పానీయపు జాడలు దొరకినవి.

మన శాస్త్రములకు వత్తము. చరకసంహితలో తేనెలు నాలుగు విధములుగ చెప్పబడినవి: మాక్షికము, భ్రామరము, క్షౌద్రము, పౌత్తికము. వీనిని వర్ణముచేత గుర్తింపవలెను. మాక్షికము నూనెరంగు, పౌత్తికము నేతిరంగు, క్షౌద్రము కపిలవర్ణము, భ్రామరము తెలుపు. వీనిలో మాక్షికము శ్రేష్ఠమని నిర్ణయము. మన పల్లెలలో పుట్టతేనె, కొమ్మతేనె, జుంటితేనె అని ఈగనుబట్టియు, పట్టు చోటునుబట్టియు చేయు విభాగము ఈ శాస్త్రవిభాగమునకు తోడుగ నిలుచునది. ఆ గ్రంథముననే ప్రమేహచికిత్సలో మధ్వాసవమను ఔషధము కలదు. మూలికల కషాయములో సగముపాలు తేనె కలిపి, నేయి పూసిన భాండమున ఒక పక్షము ఉంచవలెనని విధి. నేతిపూత కుండ బొరియలను మూయును. పక్షము రోజులు పులియుటకు చాలును. ధాతకీపుష్పములను వేయు ఆసవములు మరి కొన్ని గలవు. ఆ పూలపై సహజముగ ఈస్టు నిలుచునని నేటి శాస్త్రజ్ఞులు తెలిపిరి. వైద్యుని కంటికి అగపడనిదానిని వైద్యుని అనుభవము గుర్తించినది.

కౌటిల్యుని పేర వెలసిన అర్థశాస్త్రమున సురాధ్యక్షప్రకరణము మన ప్రశ్నకు మరింత సూటియైన సమాధానము. ఈ గ్రంథమును శామశాస్త్రిగారు మైసూరున 1909లో ప్రకటించువరకు మన పండితులకు పేరుగనే తెలియును. అందు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు పానీయములు. ఇచ్చట మధువన్నది తేనెకాదు, ద్రాక్షరసము. పుట్టిన దేశమునుబట్టి దానికి కాపిశాయనము, హారహూరకము అని పేర్లు. తేనె చేరునది ఆసవమున. వెలగపండు ఒక తుల, ఫాణితమను బెల్లపు పాకము ఐదు తులలు, తేనె ఒక ప్రస్థము. ఈ కొలతలలో నాలుగవవంతు హెచ్చించినచో జ్యేష్ఠము, నాలుగవవంతు తగ్గించినచో కనిష్ఠము. అనగా ఉత్తమ, మధ్యమ, అధమ శ్రేణులు ప్రభుత్వమే నిర్ణయించినది. నిర్ణయమునకు ఆధారము మత్తు బలము కాదు, లోపల వేసిన వస్తువు. పులియజేయు మూలద్రవ్యమునకు కిణ్వమని పేరు. మినుములు, బియ్యము, మూలికలు చేర్చి దానిని సిద్ధము చేయుదురు. సురాకిణ్వముల పని స్త్రీలును బాలురును చేయవలెనని విధింపబడినది. ఉత్సవములందును, యాత్రలందును నాలుగుదినములు చేసికొనుటకు అనుమతి కలదు. చెడిన సురను గూర్చిన నియమము మరువరానిది. మంచి సురతోపాటు దానిని అమ్మరాదు. వేరొకచోట అమ్మవలెను, లేదా దాసులకును కూలివారికిని జీతము క్రింద ఈయవలెను, లేదా బండి లాగు పశువులకో పందులకో పోయవలెను. ఈ క్రమములో కూలివాని స్థానమును చూచి మనసు చివుక్కుమనక మానదు. కాని చెడినది ఏదో, మంచిది ఏదో తేల్చు బాధ్యత రాజపురుషునిదని ఆ శాస్త్రము ఒప్పుకొన్నది. దూరపు ఇంగ్లండున 1266వ ప్రాంతమున రొట్టె, ఏల్‌ల ధరలను, మేలిమిని గూర్చిన శాసనము వచ్చినది. దానిని నడుపుటకు ఊరూర ఏల్ రుచిచూచు ఉద్యోగులుండిరి. మహాకవి షేక్‌స్పియరు తండ్రి 1556లో స్ట్రాట్‌ఫర్డున ఆ పని చేసెను. నాలుకయే ప్రభుత్వపు తూనికరాయిగా ఉండిన కాలమది.

దెగ్లూరునకు సమీపమున హొట్టల్ గ్రామము కలదు. అచ్చటి శివాలయములును శాసనములును కల్యాణి చాళుక్యుల కాలమునాటివి. ఆ వంశపు రాజు మూడవ సోమేశ్వరుడు సుమారు 1130వ సంవత్సరమున మానసోల్లాసమను గ్రంథమును రచించెను. వంట, వేట, ఏనుగులు, సంగీతము మొదలగు నూరు విషయములతో నిండిన ఆ గ్రంథమున మదిరాపాన క్రీడ యొక ప్రకరణము. పాలకుడు పానమును రుచినెరుగు వినోదముగ, మర్యాదగల వేడుకగ పేర్కొనుట ఇచ్చట విశేషము. రాజుగారి విందు వేరు, పల్లెవాని లొట్టి వేరు. ఈ గ్రంథమునుబట్టి లెండి యొడ్డున అందరు నట్లే త్రాగిరని వ్రాయుట చరిత్ర కాదు. రాజసభలకంటె ఊరివారి జీవితమే చరిత్రయని 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రము వ్రాసి సురవరము ప్రతాపరెడ్డిగారు మార్గము చూపియుండగా, మనము మరల రాజసభలోనే కూర్చుండరాదు.

ఊరివారి మధువు ఏది? ఇచ్చట ఒక శబ్దపు చిక్కు విప్పవలెను. మధూకము అనగా ఇప్పచెట్టు. అమరకోశమున మధ్వాసవము, మాధవకము, మధు, మాధ్వీకము అను పేర్లు వరుసగ వచ్చును. వీనిని ఇప్పపూల మద్యముగ వ్యాఖ్యాతలు గ్రహించిరి. తేనెవలె తీయని పువ్వు గనుక ఆ చెట్టునకు మధువుయొక్క పేరు వచ్చినది. హాలుని గాథాసప్తశతిలో ఇప్పపూలేరుటను గూర్చిన గాథలు గలవు. ఆ గ్రంథము పుట్టిన ప్రతిష్ఠానము, నాందేడు, బాసర ఒకే గోదావరి యొడ్డున ఉన్నవని జ్ఞప్తియందుంచుకొనిన ఈ సంబంధము బోధపడగలదు. కిన్వట్ అడవులు 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనివి. అచ్చటి గోండులకు ఇప్ప దేవతావృక్షము. ఆహారమును, పానీయమును అదే. కావున మన పాతపుస్తకములలో మధువని కనబడినచోటెల్ల తేనె యనుకొనుట పొరపాటు. తేనె, ద్రాక్ష, ఇప్ప అను మూడింటిలో ఏదియో సందర్భమునుబట్టి తేల్చవలెను. పానపరీక్షవలెనే పదపరీక్ష కూడ వాసనపట్టి చేయవలసినదే.

గోలకొండకు పలుమారు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గ్రంథము 1676లో వెలువడినది. భాగ్యనగరమునకు ప్రతిదినము కొన్ని వందల గుర్రములపై తోలుతిత్తులలో కల్లు వచ్చుచుండెననియు, గుర్రములను వేగముగ నడపించుచుండిరనియు, దానిపై పన్నువలన రాజునకు గొప్ప ఆదాయమనియు అతడు వ్రాసెను. ఆ వేగమునకు కారణము మనవారికి చెప్పనక్కరలేదు. చెట్టు దిగిన కల్లు ప్రొద్దెక్కినకొలది మారిపోవును. అసఫ్‌జాహీల కాలమున ఆబ్కారీ ఖజానాకు మూలస్తంభములలో నొకటియైనది. ఇంతలో ఇంగ్లండునుండి మరియొక సాధనము దేశమునకు వచ్చినది. 1816లో అచ్చటి ప్రభుత్వము అంగీకరించిన సైక్సు హైడ్రోమీటరు. దానిని సారాలో తేల్చిన బలము ఇన్ని డిగ్రీలని తెలియును. ఆబ్కారీ పన్నునకు ఇంతకంటె సులువైన కొలత లేదు. నాలుక తగవులాడును, హైడ్రోమీటరు తగవులాడదు. కాని ఆ ఇత్తడిబుడ్డి మత్తు ఎంతో చెప్పును. కమ్మదనమెంతో, కల్తీ ఏమో చెప్పదు. ఏది కొలువదో దానిని శాఖ క్రమముగ మరచినది. నిషేధశాఖ అంతమాత్రమును కోరలేదు. ఉన్నదా, లేదా యన్న ప్రశ్నతో దాని పని తీరినది.

ఈ మరపులో విద్యను కాపాడినవారు గీతపనివారు. తెలంగాణమున గౌడులు, మరాఠ్వాడాలో కలాలులు. పోద్దాటికల్లు, పరుపుదాటికల్లు, పండుదాటికల్లు అని చెట్టునుబట్టియు ఋతువునుబట్టియు వారు చేయు విభాగము అర్థశాస్త్రపు జాబితాకు తీసిపోదు. ఈతకల్లుది మరియొక దారి. దానినే మన ఉర్దూ కచేరీలు సేంధి యనెడివి. తెల్లవారుజామున దింపినది తీపి, మధ్యాహ్నమునకు పొంగు, సాయంకాలమునకు పులుపు; మరునాటికి అది సిర్కాకు దగ్గర. లొట్టిని పూర్తిగ కడిగివేయక అడుగున కొంత మడ్డి నిలుపుట, లేదా నీరా కావలసినపుడు లొట్టి లోపల సున్నము పూయుట ఇవన్నియు కిణ్వమును ఆడించు, ఆపు ఉపాయములు. చెట్టుక్రింద తాటాకు రేకలో పోసిన కల్లును త్రాగువాడు మొదట నురుగును ఊది చూచును, తరువాత వాసన చూచును, పిదప ఒక గుక్క నోట నిలుపును. తేనె ఏల్ తీర్పరులకు గురువులు నేర్పు క్రమము కూడ అచ్చముగ ఇదియే.

ఆ క్రమమును ఇప్పుడు వివరింతును. అమెరికాలో 1985లో బీరు తీర్పరుల సంస్థ యొకటి స్థాపితమైనది. దాని పత్రములో బీరునకు మొత్తము 50 గుణములు. అందు వాసనకు 12, చూపునకు 3, రుచికి 20, నోటిలో తాకిడికి 5, మొత్తముమీది అభిప్రాయమునకు 10. మీడ్ పత్రమున వాసన 10, చూపు 6, రుచి 24, అభిప్రాయము 10. తేనెమద్యమునకు చూపు గుణములు రెట్టింపగుట గమనింపదగినది. తేఱల్ అని పేరు పెట్టిన కొండవాడు దీనికి సంతోషించియుండును. పానీయమును చేసినవాని పేరు తీర్పరికి తెలియరాదు. మరీ చల్లనిది పనికిరాదు; చలి నాలుకను మొద్దుబారజేసి వాసనను కట్టివేయును. గ్లాసులో సబ్బువాసన ఉండరాదు. మొదట వాసన, ఏలయన వాసన ముందుగ ఎగిరిపోవును. వెన్నవాసన వచ్చినచో ఈస్టు తన పని ముగించకముందే ఆపివేసిరని అర్థము. పచ్చి ఆపిల్ వాసనయు అపక్వతకే గుర్తు. తడిసిన అట్టవాసన గాలి సోకినదానిది. సిర్కావాసన సూక్ష్మజీవులు ప్రవేశించినదానిది. పిదప చిన్న గుక్క. నాలుకపై అంతట త్రిప్పి, మ్రింగి, శ్వాస ముక్కునుండి వదలవలెను. తేనె అచ్చట తెలియును. పూలవాసన ముక్కున ఉండి నాలుకపై తీపి లేకుండుట మంచి లక్షణము. నాలుకపై తీపి ఉండి పూలవాసన లేకుండుట అనుమానింపవలసిన లక్షణము.

ఈ అనుమానము విలాసపురుషుల వ్యవహారము కాదు. 2015 సెప్టెంబరులో నిజామాబాదు మొదలగు జిల్లాలలో అధికారులు కల్తీకల్లును అరికట్టగా, దానికి అలవాటుపడిన కూలిజనులు వందలకొలది వణకుచు, మతిచలించి ఆసుపత్రులపాలైరి. కొందరు మరణించిరి. వారు త్రాగుచుండినది కల్లు పేరుగల మత్తుమందుల నీరు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ అను మందులను కలిపి, తీపికి సాకరిన్ చేర్చి అమ్ముచుండిరి. చెట్లు తక్కువ, దుకాణములు ఎక్కువ. కొరతను మందు పూరించినది. జుక్కల్, బిచ్కుందలు అప్పుడు నిజామాబాదు జిల్లాలోనివే. 2016లో కామారెడ్డి జిల్లాలో చేరినవి. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున ఇట్టి కల్లే మరల ప్రాణములు తీసినది. చెట్టుక్రింద రేకపట్టినవాని నాలుకకు సాకరిన్ తీపి తెలియకపోదు. అది నాలుక చివర చేదుగ, లోహమువలె నిలుచును. కాని చెట్టును ఎన్నడు చూడక, సీసాలో వచ్చినదే కల్లని నేర్చిన నాలుకకు పోల్చుటకు ఏమున్నది? తేనె సంగతియు ఇంతే. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు 13 పేరుమోసిన తేనెలను పరీక్షింపగా 3 మాత్రమే అన్ని పరీక్షలందు నిలిచినవి. మిగిలినవానిలో చక్కెరపాకపు కల్తీని శంకించిరి. ఇట్టి తేనెతో ఏల్ చేసినచో ఈస్టు చక్కెరను తినివేసిన తరువాత మిగులునది శూన్యము. పులియబెట్టుట యన్నది తేనెకు కూడ ఒక అగ్నిపరీక్ష.

మరియొక చమత్కారము చెప్పి ముందుకు సాగుదును. మహారాష్ట్రమున తేనెమద్యశాలలు నడచుచున్నది ఆ 1949నాటి మద్యనిషేధ చట్టము క్రిందనే. బొంబాయి పేరు తీసి మహారాష్ట్ర పేరు చేర్చిరి, నిషేధమను మాట మాత్రము నిలిచియున్నది. ద్రాక్షమద్యమును, తేనెమద్యమును రైతునకు సహాయమని చెప్పు రాష్ట్రమున, అందులకు అనుమతి యిచ్చు చట్టము పేరు నిషేధము! ఏటి కీవల మన వైపున తాటి, ఈత వనములు పెంపవలెనను మాట తరచు వినబడును. కాని దింపిన కల్లునకు ఉత్తమ, మధ్యమ, అధమ శ్రేణులు నిర్ణయించు పీఠము ఎచ్చటను లేదు. గీతపనివాని కల్లు నమూనా ప్రభుత్వ ప్రయోగశాలకు పోవునది నేరము శంకించినపుడు మాత్రమే. తేనె ఏల్ చేయు యువకుని గ్లాసు తీర్పరుల బల్లపైకి పోవునది మెచ్చుకోలు కొరకు. త్రాగుడు ఇండ్లను కూల్చుచున్నదని మద్యమును ద్వేషించు పెద్దలు నాతో ఏకీభవింపకపోవచ్చును. వారి దుఃఖము నిజము. దెగ్లూరు సీమలో కూలివాని భార్యకు ఈ వ్యాసములోని రుచిభేదములతో పనిలేదు. నేను చెప్పునది త్రాగుమని కాదు. త్రాగువాడు దేనిని త్రాగుచున్నాడో ఎరుగు సాధనమును అతని చేతినుండి మనము తీసివేసితిమి. తీసివేసి తిరిగి ఏమియు ఈయలేదు.

ఒక పని మాత్రము మన సంఘములు చేయగలవు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్‌లలోని తెలుగిండ్లలోను, ఇవతల జుక్కల్, బిచ్కుంద, మద్నూరులలోను గీతవృత్తి నెరిగిన వృద్ధులు ఇంకను ఉన్నారు. లొట్టి, మోకు, ముస్తాదు వంటి సాధనముల పేర్లను వృత్తిపదకోశములు కొంత సేకరించినవి. రుచిపదములను తగినంత సేకరింపలేదు. కల్లు పొంగినదనుటకును పులిసినదనుటకును, తేరినదనుటకును విరిగినదనుటకును మధ్య వారు ఎన్ని మెట్లు లెక్కింతురో, ఏ మెట్టున ఏ మాట వాడుదురో, ఏ తేనెకు ఏ పూవును కారణముగ చెప్పుదురో, మరాఠీ పొరుగువాని మాట ఏది ఎరువు తెచ్చుకొనిరో, ఊరిపేరుతోను చెట్టుపేరుతోను కలిపి వ్రాసికొనవలెను. నేను ఇంతవరకు కూర్చుకొన్న జాబితా చిన్నది: తేట, మడ్డి, పొంగు, నురుగు, వగరు, పులుపు, ఘాటు, జిగట, చప్పిడి, కమ్మన. ఇందు చివరి మాటకు ఆ అమెరికా తీర్పరుల 50 గుణముల పత్రములో గడి లేదు.